తోడు వెళ్లేవారి కాగితం

(కుటుంబంతో సహా విదేశీ ఉద్యోగానికి వెళ్లే విషయమై కడపలో ఒక గ్రంథాలయ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

సభలోని పెద్దలకూ, తల్లులకూ, ఉద్యోగాల వయసులో ఉన్న యువతీయువకులకూ నమస్కారం. కుటుంబాన్ని వెంటబెట్టుకుని విదేశీ ఉద్యోగానికి వెళ్లాలా వద్దా అనే విషయం మీద మాట్లాడమని నిర్వాహకులు నన్ను పిలిచారు. నేను పండితుణ్ణి కాను, వీసాలు ఇప్పించే ఏజెంటునూ కాను. కువైట్‌లో ఒక వ్యాపార సంస్థ లెక్కల విభాగంలో పదకొండు సంవత్సరాలు పనిచేసి, అందులో తొమ్మిది సంవత్సరాలు భార్యాబిడ్డలతో అక్కడే కాపురముండి, 2007లో కడపకు తిరిగివచ్చినవాణ్ణి. తిరిగివచ్చిన తరువాత, విదేశాల నుంచి ఉద్యోగం వచ్చిన పిల్లలు కాగితాలు పట్టుకుని మా ఇంటికి రావడం, నాకు తెలిసింది నేను చెప్పడం ఒక అలవాటుగా మారింది. ఆ అలవాటే నన్ను ఈరోజు ఈ మైకు ముందుకు తెచ్చింది.

రెండు నెలల కిందట ఒక యువజంట వచ్చారు. అబ్బాయి సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, అమ్మాయి ఇక్కడే ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు, వారికి ఎనిమిదేళ్ల పాప. అబ్బాయికి జర్మనీ నుంచి ఉద్యోగం వచ్చింది. ఆఫర్ లెటరును బల్ల మీద పెట్టి, "సార్, పోవచ్చునా?" అని అడిగాడు. నేను ఆ నాలుగు పేజీలూ చదివాను. జీతం ఎంతో ఉంది, సెలవులు ఎన్నో ఉన్నాయి, ఏ ఊరిలో పనో ఉంది. ఆ నాలుగు పేజీలలో భార్య పేరు ఒక్కచోట కూడా లేదు, పాప ప్రస్తావన అసలే లేదు. అది కంపెనీ తప్పు కాదు, కంపెనీకి కావలసింది ఒక మనిషి. కానీ విమానం ఎక్కబోయేది ముగ్గురు. అందుకే నేను, "నాయనా, నీ కాగితం చూశాను, ఇప్పుడు అమ్మాయి కాగితం చూపించు" అన్నాను. అమ్మాయి కొంచెం ఆశ్చర్యపోయి, తనకు కాగితమేమీ రాలేదని చెప్పింది. ఈరోజు నేను చెప్పదలచుకున్నదంతా ఆ జవాబు చుట్టూనే తిరుగుతుంది. తోడు వెళ్లేవారికి ఆ దేశం ఏ హక్కు ఇస్తుంది, దేనికి అడ్డు చెబుతుంది అన్నది ముందు తెలుసుకోకుండా, ఉద్యోగి జీతాన్ని మాత్రమే రూపాయల్లోకి మార్చి చూసుకుని నిర్ణయించుకోవడం మన జిల్లాలో నలభై ఏళ్లుగా జరుగుతున్న పొరపాటు. నేనూ ఆ పొరపాటు చేసినవాణ్ణే.

మా సంగతి చెబుతాను. 1996లో నేను వెళ్లేనాటికి నా భార్య ఇక్కడికి ఇరవై కిలోమీటర్ల దూరంలో ఒక పల్లెలో సెకండరీ గ్రేడ్ ఉపాధ్యాయురాలు. డీఎస్సీలో ఎంపికై తెచ్చుకున్న ప్రభుత్వోద్యోగం. రెండేళ్లు నేను ఒంటరిగా ఉన్నాను. ఆ తరువాత కుటుంబ వీసాకు సరిపడే జీతం రావడంతో, పిల్లలు తండ్రి ముఖం మరచిపోతున్నారన్న బెంగతో వాళ్లను తీసుకువెళ్లాను. ఆమె మొదట జీతం లేని సెలవు పెట్టింది, అది అయిపోయాక రాజీనామా చేసింది. రాజీనామా చేసిన రోజు మేమిద్దరం వేసుకున్న లెక్క చాలా సులువైనది. ఆమె నెల జీతం కన్నా నాకు పెరిగిన జీతం ఎక్కువ కాబట్టి లాభమే అనుకున్నాం. మేము లెక్కలోకి తీసుకోనిది పింఛను. 2004 సెప్టెంబరుకు ముందు చేరిన రాష్ట్ర ఉద్యోగులకు పాత పింఛను పద్ధతి వర్తిస్తుంది. ఆమెతో పాటు ఒకే జాబితాలో ఎంపికైన స్నేహితురాలికి ఇప్పుడు నెలనెలా పింఛను వస్తుంది, అది కరవు భత్యంతో పెరుగుతూ ఉంటుంది. లెక్కల విభాగంలో పనిచేసినవాణ్ణి, ఒకరి జీతం మాత్రమే చూసి ఆ జీతం వెనుక ఉన్న ముప్పై ఏళ్లను చూడలేదు. నా భార్య ఈ మాట నన్ను ఎన్నడూ అనలేదు, నాకై నేను ఇప్పుడు చెప్పుకుంటున్నాను.

కువైట్ గురించి ఈ సభలో ఎక్కువ వివరించనక్కరలేదు. అక్కడి నివాస నిబంధనల్లో ప్రైవేటు ఉద్యోగికి 18వ అధికరణం, ఇళ్లలో పనిచేసేవారికి 20వ అధికరణం, ఆధారపడిన భార్యాబిడ్డలకు 22వ అధికరణం. రాయచోటిలో బడి గడప తొక్కని ముసలమ్మకు కూడా ఈ మూడు అంకెలు తెలుసు. కానీ వాటి అర్థం కుటుంబానికి ఏమిటన్నది చాలామంది ఆలోచించరు. 22 మీద వచ్చిన భార్య ఆ వీసాతో ఉద్యోగం చేయకూడదు. ఉద్యోగి వీసా రద్దయిన నాడు ఆమెదీ, పిల్లలదీ రద్దవుతాయి. పైగా ఈ తలుపు ఎప్పుడు తెరుస్తారో, ఎప్పుడు మూస్తారో మన చేతిలో ఉండదు. కొంతకాలం ఆపివేసిన కుటుంబ వీసాలను 2024లో మళ్లీ మొదలుపెట్టినప్పుడు ఉద్యోగికి నెలకు 800 దీనార్ల జీతం ఉండాలన్నారు. దీనారు విలువ ఈరోజు 280 రూపాయలు దాటింది కాబట్టి, రెండు లక్షల పైచిలుకు జీతం ఉంటే తప్ప సాధారణంగా భార్యాబిడ్డలను పిలిపించుకోలేరన్నమాట. మా రోజుల్లో ఆ పరిమితి చాలా తక్కువ. మా మాదిరి గుమాస్తాలు ఈ లెక్కన ఈనాడు ఒంటరిగానే బతకవలసి ఉండేది.

ఇక్కడ ఒక్క మాట పక్కకు జరిగి చెప్పాలి. ఉమ్మడి కడప జిల్లా నుంచి కువైట్‌కు వెళ్లినవారిలో ఎక్కువమందికి నేను చెప్పే ఈ 'కుటుంబంతో వెళ్లడం' అనే ప్రశ్నే లేదు. 20వ అధికరణం మీద అరబ్బు ఇళ్లలో వంటకూ, పిల్లల్ని చూసుకోవడానికీ వెళ్లిన తల్లులు, తమ పిల్లల్ని అవ్వ దగ్గర వదిలిపెట్టి పరాయి పిల్లల్ని ఎత్తుకుని పెంచారు. వారి గురించి వేరే సభ పెట్టాలి. వెళ్లదలచినవారు ఎవరైనా ఇక్కడ ఉంటే మాత్రం ఇవి గుర్తుంచుకోండి. పదో తరగతి పాసుకానివారు కువైట్ సహా 18 దేశాలకు పనికి వెళ్లాలంటే ప్రభుత్వం నుంచి వలస అనుమతి తీసుకోవాలి. ఆ పద్ధతిలో వెళ్లే స్త్రీకి 30 సంవత్సరాలు నిండి ఉండాలి. లైసెన్సు ఉన్న ఏజెంటు తీసుకోదగిన సేవా రుసుము 30,000 రూపాయలు, దానిపైన జీఎస్టీ, అంతకన్నా ఎక్కువ కాదు. ప్రవాసీ భారతీయ బీమా యోజన కింద ప్రమాద మరణానికి 10 లక్షల బీమా ఉంటుంది. విజిటింగ్ వీసా మీద పంపి అక్కడ మార్పిస్తామని చెప్పేవాడు ఈ అనుమతినీ, ఈ బీమానూ రెండింటినీ తప్పిస్తున్నాడని అర్థం.

ఉద్యోగం పోతే కుటుంబం సంగతి ఏమిటన్నది వెళ్లేముందే అడగవలసిన ప్రశ్న. శుభమా అని బయలుదేరుతుంటే ఆ మాటెందుకని మన పెద్దవాళ్లు కసురుకుంటారు. 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చినప్పుడు మన పల్లెలవారు అక్కడ ఎంతోమంది ఉన్నారు. బస్సుల్లో, లారీల్లో ఇరాక్ మీదుగా జోర్డాన్ చేరిన లక్షమందికి పైగా భారతీయులను ఎయిరిండియా అమ్మాన్ నుంచి 488 విమాన ప్రయాణాలలో, 59 రోజులలో తీసుకువచ్చింది. అలా వచ్చిన ఒక కుటుంబం మా వీధిలోనే ఉండేది. ఆయన పదేళ్ల పొదుపు కువైట్ బ్యాంకులో ఉండిపోయింది, పిల్లల టీసీలు అద్దె ఇంట్లో ఉండిపోయాయి. పొదుపు కొంత ఆలస్యంగానైనా తరువాత చేతికి వచ్చిందిగానీ, ఆ సంవత్సరం పిల్లలను బడిలో చేర్చడానికి ఆయన పడ్డ తిప్పలు నేను చూశాను. ఆ భయంతోనే నేను వెళ్లిన మొదటి రోజు నుంచీ సర్టిఫికెట్ల అసలు ప్రతులను కడపలో మా నాన్నగారి ట్రంకు పెట్టెలోనే ఉంచాను.

యుద్ధాలు ఎప్పుడో వస్తాయి. మామూలు ఉద్యోగనష్టం ఎప్పుడైనా రావచ్చు. 2007 ఫిబ్రవరిలో మా సంస్థ నేను పనిచేసే విభాగాన్ని మూసివేసింది. అప్పటికి మా పెద్దమ్మాయి అక్కడి భారతీయ పాఠశాలలో సీబీఎస్ఈ పదో తరగతి, పరీక్షలు మార్చిలో. అకామా, అంటే అక్కడి నివాస అనుమతి, అదే నెల చివరికి అయిపోతుంది. పిల్ల పరీక్ష రాయాలంటే వీసా ఉండాలి, వీసా ఉండాలంటే నా ఉద్యోగం కాగితం మీదనైనా ఉండాలి. ఆ సంస్థలో అకామాల పని చూసే ఈజిప్టు దేశపు ముసలి గుమాస్తా, తనకూ ఆడపిల్లలున్నారని చెప్పి, నా రద్దు కాగితాన్ని తన సొరుగులో పెట్టి ఏప్రిల్ దాకా బయటికి తీయలేదు. అకామాను మూడు నెలలకు పొడిగించుకున్నాం. ఒక గుమాస్తా దయ మీద మా అమ్మాయి పదో తరగతి ఆధారపడింది. తొమ్మిదేళ్ల కాపురం తరువాత మాకు అక్కడున్న హక్కు అంతే. అమెరికాలో హెచ్-1బీ అనే ఉద్యోగ వీసా మీద ఉన్నవారికి ఉద్యోగం పోయిన నాటి నుంచి గరిష్ఠంగా 60 రోజుల గడువు ఉంటుంది. అరవై రోజుల్లో మరో ఉద్యోగం దొరకాలి, లేదా ఇల్లు ఖాళీ చేసి, కారు అమ్మి, పిల్లల్ని బడి మాన్పించి బయలుదేరాలి. దేశం మారితే రోజుల లెక్క మారుతుంది. గడువు లేని దేశాన్ని మాత్రం నేను చూడలేదు.

అమెరికా ప్రస్తావన వచ్చింది కాబట్టి మా తమ్ముడి కూతురి విషయం చెబుతాను. అనంతపురంలో ఇంజనీరింగు చదివి, బెంగళూరులో నాలుగేళ్లు ఉద్యోగం చేసిన పిల్ల. 2013లో పెళ్లయి, హెచ్-1బీ ఉద్యోగి భార్యాబిడ్డలకు ఇచ్చే హెచ్-4 వీసా మీద వెళ్లింది. ఆ వీసా మీద అప్పట్లో ఉద్యోగం చేసే వీలే లేదు. 2015 మే నెల నుంచి కొందరికి పని అనుమతి ఇస్తున్నారు. అదీ భర్త తరఫున గ్రీన్‌కార్డుకు, అంటే శాశ్వత నివాసానికి, వేసిన దరఖాస్తులో ఐ-140 అనే దశ ఆమోదం పొందితేనో, లేదా ఆ దారిలో అతడి హెచ్-1బీ ఆరేళ్ల పరిమితి దాటి పొడిగింపులో ఉంటేనో. ఈ పిల్లకు ఆ ఆమోదం 2017లో వచ్చింది. అంటే నాలుగేళ్లు ఇంట్లో కూర్చుంది. కూర్చోవడం అని మనం తేలికగా అంటాం. ఆ నాలుగేళ్లలో ఆమె చదివిన సాఫ్ట్‌వేర్ పాతబడింది, ఆమెతో చేరినవాళ్లు బెంగళూరులో మేనేజర్లయ్యారు, ఆమె మళ్లీ అడుగు నుంచి మొదలుపెట్టింది. పెళ్లిచూపుల నాడు అబ్బాయి జీతం అడిగినవాళ్లం, అబ్బాయి ఐ-140 ఎంతవరకు వచ్చిందని అడగాలని మాలో ఒక్కరికీ తెలియలేదు.

గ్రీన్‌కార్డు సంగతి చాలామందికి తెలిసిందే కనుక క్లుప్తంగా చెబుతాను. ఉద్యోగాల ఆధారంగా ఏడాదికి ఇచ్చేవి సుమారు 1,40,000. అందులో ఏ దేశంలో పుట్టినవారికైనా మామూలుగా 7 శాతానికి మించి ఇవ్వరు. మనవారి వరుస ఏళ్ల తరబడి కదలదు. ఈ వరుసలో నిలబడ్డ తల్లిదండ్రులు మరచిపోయేది ఏమిటంటే, వెంట తీసుకువెళ్లిన బిడ్డకు 21 సంవత్సరాలు నిండితే ఆ బిడ్డ హెచ్-4 నుంచి బయటికి వస్తుంది. నాలుగో ఏట వెళ్లి అక్కడే పెరిగిన పిల్ల, కాలేజీ మధ్యలో విదేశీ విద్యార్థి వీసాకు మారవలసి వస్తుంది. తండ్రి ఆఫర్ లెటరు వచ్చిన నాడు బిడ్డ వయసెంతో రాసుకుని, దానికి ఎన్నేళ్లు కలిపితే 21 అవుతుందో చూసుకోవడం రెండు నిమిషాల పని. ఇక 2025 సెప్టెంబరు 21 నుంచి, ఆ దేశం బయట ఉన్నవారి కోసం వేసే కొత్త హెచ్-1బీ దరఖాస్తుకు లక్ష డాలర్లు కట్టాలన్న ప్రకటన తరువాత, ఇక్కడి నుంచి నేరుగా వెళ్లే దారి ఎలాగూ ఇరుకైంది.

పిల్లల చదువు గురించి కాస్త నిదానంగా మాట్లాడాలి, ఎందుకంటే నేను బాగా దెబ్బతిన్నది అక్కడే. గల్ఫ్‌లో సీబీఎస్ఈ బడులున్నాయి, పుస్తకాలు ఇక్కడివే, తిరిగివస్తే ఇబ్బంది ఉండదని అందరూ అంటారు. పుస్తకాల వరకు అది నిజం. సీట్ల వరకు నిజం కాదు. రాజ్యాంగంలోని 371-డి అధికరణం కింద 1974లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం మన విశ్వవిద్యాలయ పరిధిలోని సీట్లలో 85 శాతం స్థానిక అభ్యర్థులవి. మనకు వర్తించేది శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయ పరిధి. స్థానికత అంటే ఇంటిపేరో, తాతగారి పొలమో కాదు. అర్హత పరీక్షతో ముగిసే నాలుగు వరుస విద్యాసంవత్సరాలు ఈ ప్రాంతంలో చదివి ఉండాలి. తెలుగులో చెప్పాలంటే తొమ్మిది, పది, ఇంటర్ రెండేళ్లు. అది కుదరనివారికి ఏడేళ్ల చదువును లెక్కించే మరొక నియమం ఉంది. మా అమ్మాయి రెండో తరగతి నుంచి పదో తరగతి దాకా కువైట్‌లో చదివి, ఇంటర్ ఇక్కడ చదివింది. రెండు నియమాలలో దేనికీ అందలేదు. పుట్టింది కడప ప్రభుత్వ ఆసుపత్రిలో, మాట్లాడేది మన యాస, కౌన్సెలింగులో మాత్రం స్థానికేతరురాలు. తల్లిదండ్రులు రాష్ట్రంలో పదేళ్లు నివసించి ఉన్నారన్న ఆధారంతో, అందరికీ తెరిచి ఉంచిన మిగిలిన 15 శాతంలో పోటీపడింది. ఆమెకన్నా చాలా వెనుక ర్యాంకు వచ్చిన పక్కింటి అబ్బాయి తిరుపతిలో చేరితే, ఈమెను డబ్బు కట్టి ప్రైవేటు కళాశాలలో చేర్పించాం. తొమ్మిదేళ్లలో కువైట్‌లో దాచినదానిలో పెద్ద భాగం అక్కడికే పోయింది. దీన్నుంచి మావాడికి మేలు జరిగింది. వాడిని ఆరో తరగతిలోనే ఇక్కడ చేర్చాం కాబట్టి వాడికి ఏ చిక్కూ రాలేదు. ఒకే ఇంట్లో ఒకే తండ్రికి పుట్టిన ఇద్దరు బిడ్డలు ప్రభుత్వం దృష్టిలో రెండు వేరువేరు ప్రాంతాలవారు కావడం మా ఇంట్లో ఇప్పటికీ వేళాకోళంగా చెప్పుకునే విషయం. అమ్మాయి మాత్రం ఆ వేళాకోళంలో పూర్తిగా కలవదు.

జర్మనీలాంటి దేశంలో లెక్క మరోలా ఉంటుంది. అక్కడ ప్రభుత్వ పాఠశాలలో ఫీజు లేదు, ఆరేళ్లు నిండిన బిడ్డను బడికి పంపడం తప్పనిసరి, 2025లో ఒక్కో బిడ్డకు నెలకు 255 యూరోల భృతి కూడా ఇచ్చారు. ఇవన్నీ ఏజెన్సీలవాళ్లు చెబుతారు. వాళ్లు చెప్పనిది ఏమిటంటే, ఆ దేశంలోని చాలా రాష్ట్రాలలో నాలుగో తరగతి అయిపోగానే పిల్లలను వేర్వేరు రకాల ఉన్నత పాఠశాలలకు విడగొడతారు. విశ్వవిద్యాలయం దారిలో నడిపించే జిమ్నాజియం అనే బడికి ఎవరు వెళ్లాలన్నది ప్రధానంగా అప్పుడే తేలుతుంది. తరువాత మారే వీలున్నా అది తేలిక కాదు. మూడేళ్ల బిడ్డను తీసుకువెళ్తే ఆరేళ్లకు జర్మన్ మాట్లాడుతుంది. ఎనిమిదేళ్ల పాపను తీసుకువెళ్తే, భాష రాకుండానే ఏడాదిన్నరలో ఆ విభజన ముందు నిలబడుతుంది. పద్నాలుగేళ్లవాడి సంగతి నేను చెప్పనక్కరలేదు. ఒకే దేశం, ఒకే జీతం, బిడ్డ వయసును బట్టి అది వరమో, భారమో అవుతుంది. మా ఇంటికి వచ్చిన జంట ముందు నేను పెట్టిన మొదటి ఇబ్బంది ఇదే.

భాష అంటే మనవాళ్లు, అక్కడికి వెళ్లాక అదే వస్తుందిలే అంటారు. సముద్రం దాటించే ఉద్యోగానికి భాష ముందు నేర్చుకోవడం మన ఊరికి కొత్త కాదు. ఈస్టిండియా కంపెనీ కొలువులో చేరిన బ్రౌన్ దొర మద్రాసులో తెలుగు అభ్యసించి, పరీక్ష ఇచ్చి, 1820లో కడపకు వచ్చాడు. వచ్చాక ఇంటి దగ్గర పండితులను పెట్టుకుని, సొంత డబ్బు ఖర్చుపెట్టి, వ్రాతప్రతులను పరిష్కరింపజేశాడు. మన పిల్లలు అంత చేయనక్కరలేదు, డాక్టరుతో తమ బిడ్డ జ్వరం సంగతి చెప్పుకోగలిగితే చాలు.

ఇప్పుడు ఇక్కడ మిగిలిపోయేవారి విషయం. తోడు వెళ్లేవారికైనా ఏదో ఒక వీసా ఉంటుంది, తల్లిదండ్రులకు ఆ వీలు చాలా తక్కువ. అమెరికాలో కొడుకు పౌరసత్వం పొందిన తరువాతే తల్లిదండ్రుల గ్రీన్‌కార్డుకు వేయగలడు. అప్పటిదాకా ఆరు నెలల సందర్శన, అంతే. మా అమ్మ 2001లో వాకిట్లో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. మొదట ఇక్కడ చూపించి, తరువాత వేలూరు సీఎంసీకి తీసుకువెళ్లారు. ఆమెను తీసుకువెళ్లింది, తీసుకువచ్చింది, రెండేళ్లు మంచం దగ్గర ఉన్నది మా చెల్లెలు. ఖర్చు మొత్తం నేను పంపాను, ఒక్క రూపాయి కూడా ఆమెను పెట్టనివ్వలేదు, ఆ సంగతి నాకు గర్వంగానే ఉండేది. అమ్మ పోయాక పంపకాల సమయంలో ఒక మాట మీద నేను ఆ ఖర్చు ప్రస్తావన తెచ్చాను. మన వైపు డబ్బును కూడా లెక్క అనే అంటాం కదా. చెల్లెలు నెమ్మదిగా, "లెక్క పంపినోడికి లెక్క రాసుకునేదానికి పుస్తకముంటాది అన్నా, ఎత్తి కూర్చోబెట్టినోళ్లు యాడ రాసుకోవల్ల?" అంది. ఆ తరువాత నేను ఆ పంపకాలలో ఏమీ మాట్లాడలేదు. అందుచేత నా దగ్గరికి వచ్చే పిల్లలను, ఇక్కడ తల్లిదండ్రులను ఎవరు చూస్తారని మాత్రమే అడగను. చూసే ఆ మనిషితో ఎదురుగా కూర్చుని మాట్లాడారా, వాళ్లు ఒప్పుకున్నారా, వాళ్లకు మీరు ఏమిస్తున్నారు అని అడుగుతాను. చెల్లెలు ఉంది కదా అనుకోవడం వేరు, చెల్లెల్ని అడగడం వేరు. నేను అనుకున్నాను, అడగలేదు.

ఆస్తుల విషయంలో ఒకటి రెండు మాటలు చాలు. విదేశీ మారక నిబంధనల ప్రకారం ప్రవాసి అయినవాడు ఇక్కడ ఇల్లు కొనవచ్చు, వ్యాపార స్థలం కొనవచ్చు, కానీ వ్యవసాయ భూమి గానీ, తోట గానీ, ఫామ్‌హౌస్ గానీ కొనకూడదు. వెళ్లకముందు ఉన్నది ఉంచుకోవచ్చు, వారసత్వంగా వచ్చింది అనుభవించవచ్చు. నాలుగేళ్లు కష్టపడి కోడూరు పక్కన మామిడి తోట కొనుక్కుందామన్న ఆశతో బయలుదేరేవారు ఇది తెలుసుకోవాలి. తెలియక తమ్ముడి పేరున, బావమరిది పేరున కొని, తిరిగివచ్చాక మాటామంతీ లేకుండా పోయిన ఇళ్లు మన జిల్లాలో ఎన్ని ఉన్నాయో మీకే బాగా తెలుసు. మామూలు పొదుపు ఖాతాను, ప్రవాసులు ఇక్కడి ఆదాయం కోసం ఉంచుకునే ఎన్ఆర్ఓ ఖాతాగా మార్పించాలి. అక్కడి సంపాదనను ఎన్ఆర్ఈ ఖాతాలో వేస్తే, ప్రవాసిగా ఉన్నంతకాలం దాని వడ్డీపై ఇక్కడ ఆదాయపు పన్ను లేదు. మిగిలినవి ఆడిటరును అడిగి తెలుసుకోవచ్చు.

జీతం గురించి ఇంతసేపూ మాట్లాడకపోవడం కొందరికి వింతగా ఉండవచ్చు. జీతం అందరూ చూసుకుంటారు కాబట్టి వదిలేశాను. ఒక్క సూచన మాత్రం చేస్తాను. జీతాన్ని రూపాయల్లోకి మార్చకండి, మిగులును మార్చండి. ఒంటరిగా ఉన్న రెండేళ్లలో నేను జీతంలో మూడింట రెండు వంతులు మిగిల్చాను. కుటుంబం వచ్చిన తరువాత ఇంటి అద్దె, ఇద్దరు పిల్లల బడి ఫీజు, బడి బస్సు, రెండేళ్లకొకసారి నలుగురి విమాన టికెట్లు, వచ్చినప్పుడల్లా బంధువులకు తేవలసిన సబ్బులు, సెంట్లు, చాక్లెట్లు పోగా ఐదో వంతు మిగిలితే గొప్ప. టైగర్ బామ్ డబ్బాలకు ఎంత ఖర్చయిందో నేను విడిగా రాసి ఉంచాను, అది సభలో చెప్పడం మర్యాద కాదు. ఇలా తక్కువ మిగిలినా పిల్లలు నా కళ్ల ముందు పెరిగారు, ఆ తొమ్మిదేళ్లను నేను నష్టంగా రాసుకోను. కలిసి ఉండడం కోసం వెళ్తున్నామా, దాచుకోవడం కోసం వెళ్తున్నామా అన్నది ఇంట్లో తేల్చుకోకపోతే, మూడో ఏట నుంచి ప్రతి నెలాఖరునా గొడవే.

మా ఇంటికి వచ్చిన జంట దగ్గరికి మళ్లీ వస్తాను. అమ్మాయి కాగితం చూపించమన్నాను కదా. పది రోజుల తరువాత ఇద్దరూ మళ్లీ వచ్చారు. ఈసారి ఫైలు అమ్మాయి చేతిలో ఉంది. బ్లూకార్డు అనే నిపుణుల ఉద్యోగ అనుమతి మీద వెళ్లేవాడి భార్యకు అక్కడ వెంటనే ఏ ఉద్యోగమైనా చేసుకునే హక్కు ఉందని, ముందుగా జర్మన్ వచ్చి ఉండాలన్న షరతు ఆమెకు లేదని వారు తెలుసుకున్నారు. కువైట్‌లో నా భార్యకు లేనిది, అమెరికాలో మా తమ్ముడి కూతురికి నాలుగేళ్లు దొరకనిది ఈ అమ్మాయికి మొదటి రోజు నుంచే ఉంది. అయితే నర్సుగా పనిచేయాలంటే బీఎస్సీ నర్సింగు పట్టాకు అక్కడి గుర్తింపు తెచ్చుకోవాలి, భాషలో సాధారణంగా బీ2, అంటే ధారాళంగా మాట్లాడగలిగే స్థాయి, అడుగుతారు. అది లేకుండా వెళ్తే హక్కు ఉన్నా, చేతిలో పని ఉన్నా, ఆమె ఏదో ఒక గిడ్డంగిలో డబ్బాలు సర్దే ఉద్యోగంలో కుదురుకునే ప్రమాదం ఉంది. ఆ దేశానికి నర్సుల కొరత ఎంత ఉందో మీరూ వినే ఉంటారు. ఇద్దరి కాగితాలూ పక్కపక్కన పెట్టి చూస్తే, ఎక్కువ కాలం నిలిచే ఉద్యోగం అబ్బాయిది కాదు, అమ్మాయిదేనేమో అనిపించింది. ఆ మాట మొదట అన్నది అబ్బాయే, అందుకు అతణ్ణి మెచ్చుకోవాలి.

వాళ్లు తీసుకున్న నిర్ణయం ఇది. చేరే తేదీని ఆరు నెలలు వాయిదా వేయమని అబ్బాయి కంపెనీని అడిగాడు. అమ్మాయి బెంగళూరులో గ్యోతే ఇన్‌స్టిట్యూట్‌లో జర్మన్ తరగతులలో చేరింది, ఆసుపత్రి ఉద్యోగానికి ఇంకా రాజీనామా చేయలేదు, సెలవు పెట్టింది. పాప తల్లి పక్కన కూర్చుని ఒకటి నుంచి ఇరవై దాకా అంకెలు నేర్చుకుంది, నాకు ఫోనులో వినిపించింది, పదమూడు దగ్గర తడబడింది. కంపెనీ నుంచి జవాబు నిన్నటిదాకా రాలేదు. వాయిదాకు ఒప్పుకోకపోతే అతడు ముందు ఒక్కడే వెళ్తాడా, ఇద్దరూ మానుకుంటారా అన్నది ఇంకా తేలలేదు, ఆ జవాబు వచ్చాక మళ్లీ మా ఇంటికి వస్తామన్నారు.

నాకు ఇచ్చిన సమయం అయిపోయింది. ప్రశ్నలు అడగదలచినవారు అడగవచ్చు, కాగితాలు తెచ్చుకున్నవారు ఉంటే సభ అయ్యాక కింద వరండాలో కూర్చుందాం.